మా పిల్లోళ్ళ ఆట మమ్మల్ని చూడనీండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల హైస్కూలు హెడ్మాస్టర్లకు, వ్యాయామ ఉపాధ్యాయులకు, స్కూల్ గేమ్స్ పోటీలు జరిపించే పెద్దలకు నమస్కారం.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషిని. ఉండేది తిరుపతిలో. మా కూతురి బిడ్డ తొమ్మిదో తరగతి చదువుతా ఉంది, స్కూలు టీములో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. మీతో నాకుండే పేచీ ఒక్కటే. పిల్లోళ్ళు ఆడతారు, మీరు ఆడిస్తారు, రెఫరీ విజిల్ ఊదుతాడు, సాయంత్రానికి ఎవరో ఒకరు గెలుస్తారు. ఇంట్లోవాళ్ళం మాత్రం ఆ ఆట చూసి ఉండం. మ్యాచ్ ఉందని ముందురోజు రాత్రి అన్నం తినేటప్పుడు పాప చెప్తే తెలియాల, లేదంటే మర్నాడు పేపర్లో జిల్లా పేజీ తిరగేస్తే తెలియాల. ఆ పేపర్లో వేసే నాలుగు లైన్లలో మూడు లైన్లు బహుమతులు ఇచ్చిన అతిథుల పేర్లే ఉంటాయి.

తెలిసి పోయినా గేటు దగ్గర ఆపేస్తారు. ఒక స్కూల్లో (పేరెందుకులెండి) వాచ్‌మన్ నాతో, "ఆడపిల్లల మ్యాచి పెద్దాయనా, బయటోళ్ళను పంపద్దన్నారు" అన్నాడు. ఆడేది నా మనవరాలే అంటే, "అందరూ అదే చెప్తారు" అన్నాడు. ఆయన్ని అనేదానికేముంది, ఆయనకు చెప్పింది ఆయన చేసినాడు. గేటు సందులోనుంచి చూస్తే నాకు బోర్డు పైభాగం, రింగు, పైకి లేచి కిందికొచ్చే బంతి కనిపించినాయి. ఎవరు వేసినారో కనపడదు. లోపల అరుపు వినిపిస్తుంది. ఆ అరిచింది మనవాళ్ళా అవతలివాళ్ళా అని పోల్చుకునే లోపల బంతి అటుపక్క రింగు దగ్గరికి పోయి ఉంటుంది. అటుపక్క రింగు నాకు కనపడదు. ఇంతలో తల తిప్పి చూస్తే, రోడ్డు మీది చింతచెట్టు కొమ్మ మీద నలుగురు కుర్రోళ్ళు కాళ్ళు ఊపుకుంటా కూర్చొని మ్యాచంతా చూస్తా ఉన్నారు. మీరు ఎవరికి భయపడి గేటు వేసినారో వాళ్ళు చెట్టెక్కినారు. ఆడే పిల్లల అమ్మానాయనలం, తాతలం రోడ్డు మీద నిలబడినాం.

మీ భయం నాకు తెలియంది కాదు. చేతిలో ఫోను లేని మనిషి లేడు. ఆడపిల్లలు నిక్కర్లు వేసుకొని పరిగెత్తతా ఉంటే వీడియో తీసి గ్రూపుల్లో పెట్టే వెధవలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. రేపు ఏదన్నా జరిగితే జవాబు చెప్పాల్సింది హెడ్మాస్టరే, సస్పెండు చేసేది డ్రిల్లు అయ్యవారినే. అదంతా ఒప్పుకుంటా. ఈ తలనొప్పి ఈ ఆటకు కొత్తదేమీ కాదు. అమెరికాలో 1896 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ విద్యార్థినులు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకరి మీద ఒకరు పోటీకి దిగినారు. రెండు కాలేజీల అమ్మాయిలు బాస్కెట్‌బాల్‌లో తలపడడం అదే మొదలు. ఆ హాల్లోకి మగవాళ్ళను రానీలేదు. స్టాన్‌ఫర్డ్ 2-1తో గెలిచింది, చూసి ఈలలు వేసినోళ్ళంతా ఆడవాళ్ళే. అంత పాతకాలంలో, అంత పట్టింపులున్న రోజుల్లో కూడా చూసేవాళ్ళు లేకుండా ఆడించాలని ఎవరికీ తోచలేదు. ఎవరిని రానియ్యాలో తేల్చుకొని తలుపు తెరిచినారు.

మీరూ అట్లే తేల్చండి. ఆడే ప్రతి పాప ఇంటికి స్కూలు సీలు వేసిన రెండు చీట్లు పంపండి, ఆ చీటీ ఉన్నోళ్ళే లోపలికి. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకోండి. మాది తిరుపతి అయ్యా. కొండ మీద ఫోను అప్పజెప్పి టోకెను జేబులో భద్రంగా దాచుకోవడం, వరసలో నిలబడడం మాకు ఇంకొకరు నేర్పక్కర్లేదు. ఒక పక్కంతా అమ్మలకు, అవ్వలకు ఇచ్చేయండి. తల్లులు కూర్చున్న చోట తుంటరోళ్ళు నోరెత్తరు. చింతచెట్టు సంగతి కూడా వాళ్ళే చూసుకుంటారు.

ఇంకొక మాట చెప్పాల, ఇది మీలో కొందరికి రుచించదు. మండల స్థాయి అయినాక జిల్లా జట్టుకు సెలక్షన్స్ పెడతారు. అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసుల వారీగా ఎంచుతారు. జట్టుకు పన్నెండు మంది. పదమూడో పాప ఇంటికొచ్చి తలుపేసుకొని ఏడుస్తుంది. అప్పుడు ఇంట్లో మేమేమంటామో మీకు తెలుసా? "రికమెండేషన్ ఉన్నోళ్ళ బిడ్డలకే ఇస్తారులే" అంటాం. చూసినామా? చూడలేదు. చూడనోడి నోటికి అడ్డేముంది? మీలో చాలామంది ఎండలో నిలబడి, సొంత డబ్బుతో పిల్లలకు అరటిపండ్లు కొనిపెట్టి, నీతిగా ఎంచుతారని నాకు తెలుసు. ఆ నీతిని చూసిన సాక్షి ఒక్కడూ లేడు. గేటు మూసి చేసిన న్యాయాన్ని గేటు బయటోళ్ళు నమ్మరు. అదే మమ్మల్ని కోర్టు పక్కన గట్టు మీద కూర్చోనిచ్చి ఉంటే, మా పాపకు మేమే చెప్పి ఉందుము: "అమ్మా, నీ పక్కన ఆ తొమ్మిదో నంబరు పాప చేతులెత్తుకొని ఒంటరిగా నిలబడి ఉంటే పాస్ ఇయ్యకుండా నువ్వే ముగ్గురి మధ్యలోకి దూరితివి కదా" అని. ఆ మాట సెలెక్టరు చెప్తే పగ అవుతుంది, తాత చెప్తే బుద్ధి అవుతుంది.

స్కోరు షీటు అని ఒకటి రాస్తారు కదా టేబులు దగ్గర. ఏ నంబరు పిల్ల ఎప్పుడు పాయింటు వేసింది, ఎవరికి ఎన్ని ఫౌళ్ళు, టైమవుట్ ఎప్పుడు తీసుకున్నారు, అన్నీ అందులో ఉంటాయి. కండక్టరు టికెట్ల లెక్క వేబిల్లులో రాసినంత శ్రద్ధగా రాస్తారు, నేను చూసినాను. మ్యాచయినాక అది బీరువాలోకి పోతుంది. దాని జిరాక్సు ఒకటి నోటీసు బోర్డుకు అంటించేదానికి రెండు రూపాయలు. సగం అనుమానాలు ఆ రెండు రూపాయలతో పోతాయి.

ఇంక ఆట సంగతికొస్తా. మొదట్లో నాకు ఈ ఆటలో బంతి, రింగు తప్ప ఏమీ కనపడేది కాదు. అందరూ ఒక్కసారి పరిగెత్తతారు, ఒక్కసారి ఆగుతారు, ఎందుకు ఆగినారో తెలీదు. మనవరాలు మిద్దె మీద నన్ను కూర్చోబెట్టి రెఫరీ చేతులు చూడమని నేర్పించింది. పిడికిళ్ళు రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే ట్రావెలింగ్, అంటే బంతిని నేలకు కొట్టకుండా అడుగులు ఎక్కువ వేసినట్టు. అరచేతులు కిందికి పెట్టి ఒకటి మార్చి ఒకటి ఆడిస్తే డబుల్ డ్రిబుల్, ఆపిన బంతిని మళ్ళీ కొట్టినట్టు. మూడు వేళ్ళు చాపి చెయ్యి ముందుకూ వెనక్కూ ఊపితే, అవతలివాళ్ళ రింగు కింద పెయింటు వేసిన గడిలో మూడు సెకన్లు దాటి నిలబడినట్టు. అరచెయ్యి తెరిచి పైకెత్తితే ఇట్లాంటి తప్పు. పిడికిలి బిగించి ఎత్తితే ఫౌలు, అంటే అవతలి పిల్లను తోసినట్టో పట్టుకున్నట్టో. ఒక పిల్ల అయిదు ఫౌళ్ళు చేస్తే బయటికి పోవాల. ఒక క్వార్టర్లో, అంటే ఆటలో నాలుగో వంతులో, జట్టు మొత్తం మీద నాలుగు ఫౌళ్ళు దాటితే, ఆపైన చేసే ఫౌలుకు అవతలివాళ్ళకు రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డం రాకుండా రింగులోకి వేసుకునే బంతులు.

ఇది తెలిసినాక ఆట వేరే ఆట అయిపోయింది నాకు. నాలుగో ఫౌలు పడిన పాప చేతులు వీపు వెనక పెట్టుకొని డిఫెన్స్ ఆడతా ఉంటే అది చేతకానితనం కాదని, బెంచీ మీదికి పోకుండా కాచుకుంటా ఉందని అర్థమవుతుంది. ఈ సంజ్ఞలన్నీ ఒక చార్టు మీద మీ డ్రాయింగు మాస్టారి చేత బొమ్మలు వేయించి కోర్టు పక్కన కట్టండి. అర్థమైన ఆటను జనం గమ్మున కూర్చొని చూస్తారు. అర్థం కానప్పుడే రెఫరీని తిట్టేది.

నెట్టు గురించి కూడా చెప్పనీండి. మన స్కూళ్ళలో చాలా రింగులకు నెట్టు ఉండదు, ఉన్నా రెండు దారాలు వేలాడతా ఉంటాయి. రింగు నేలకు 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది, లోపలి వెడల్పు 45 సెంటీమీటర్లు. నెట్టు లేని రింగులో బంతి లోపలినుంచి పడిందా, ముందునుంచి జారిపోయిందా అనేది పక్కన కూర్చున్నోడికి తెలిసే దారే లేదు. రింగు కింద నిలబడిన పిల్లలే "పడింది", "పళ్ళేదు" అని కొట్లాడుకోవడం నేను చూసినాను. నెట్టు ఉంటే బంతి అందులో ఒక్క రెప్పపాటు చిక్కుకొని, తాళ్ళు పైకి ఎగిరి, సర్రుమని చప్పుడు చేసి కిందికి వస్తుంది. ఆ చప్పుడు గట్టు మీద కూర్చున్న నాకూ వినిపిస్తుంది. మ్యాచ్ పోయినా పిల్లలు చెప్పుకునేది ఆ చప్పుడు గురించే.

అసలు ఈ ఆట చూసేవాళ్ళ మధ్యలోనే పుట్టింది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ అనే క్రైస్తవ యువకుల సంఘం వాళ్ళ స్కూల్లో జేమ్స్ నెయిస్మిత్ అనే డ్రిల్లు అయ్యవారు, చలికాలంలో బయటికి పోలేని విద్యార్థుల కోసం దీన్ని కనిపెట్టినాడు. వ్యాయామశాల బాల్కనీ కటకటాలకు పీచ్ పండ్ల బుట్టలు రెండు కొట్టించినాడు. అంతవరకు బాగుంది. బాల్కనీలో కూర్చొని చూసేవాళ్ళు ఊరికే ఉంటారా? బుట్ట చేతికందే దూరంలోనే ఉంది. తమవాళ్ళ బంతయితే లోపలికి తోసేది, అవతలివాళ్ళ బంతయితే బయటికి తట్టేది మొదలుపెట్టినారు. ఆ గోల ఆపేదానికే బుట్ట వెనక అడ్డు పెట్టినారు. ఇప్పుడు మనం బోర్డు అంటామే, పిల్లలు గురి చూసి బంతిని తాటించేది, అది ప్రేక్షకుల పుణ్యమే. కాబట్టి చూసేవాళ్ళతో తంటాలు ఈ ఆటకు పుట్టుకతో వచ్చినవి. ఆ అయ్యవార్లు బోర్డు పెట్టినారే గాని బాల్కనీ మూసేయలేదు.

ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ వాళ్ళ చదువే మనకు దగ్గరికి కూడా వచ్చింది. 1920లో అక్కడ చదివిన హ్యారీ క్రో బక్ అనే ఆయన మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టినప్పుడు మన చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది.

మన జనానికి చూడ్డం రాదని మాత్రం ఎవరూ అనొద్దు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర మహాభారతం పెడితే పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కితే మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూస్తా నిలబడతారు. ఆఖరు రోజు దుర్యోధన వధకు పక్క ఊళ్ళనుంచి ట్రాక్టర్లు కట్టుకొని వస్తారు. కథ అందరికీ తెలుసు, ఎవరు గెలిచేదీ తెలుసు. అయినా కదలరు. ఎవరు గెలుస్తారో తెలియని ఆట మా బిడ్డలు ఆడతా ఉంటే మేము రామా?

రావాలంటే వేళ చూడండి. పదకొండు గంటలకు మ్యాచ్ మొదలుపెడితే కూలికి పోయేవాడు, అంగడి పెట్టుకున్నోడు, ఆఫీసుకు పోయే తల్లి ఎట్ల వస్తారు? సిమెంటు కోర్టు ఆ వేళకు పెనమై ఉంటుంది. బూట్లు లేని పిల్లలు మడమలు ఆనించకుండా ముని వేళ్ళ మీద నడుస్తారు, దాన్ని ఫుట్‌వర్క్ అనుకునేరు. సాయంత్రం నాలుగున్నరకు పెట్టండి. పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, మధ్యలో విరామాలు కలుపుకున్నా చీకటి పడకముందే అయిపోతుంది. లేదంటే ఆదివారం ఉదయం ఏడుకు పెట్టండి. కార్తీకంలో వాయుగుండం వస్తే ఏ వేళయినా ఒకటే, అది వదిలేయండి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ ఫైనలే వానలో, బురదలో ఆడినారు. బంతి నేలకు కొడితే లేవని ఆ ఆటలో అమెరికా 19-8తో కెనడాను గెలిచింది.

నా చిన్నకొడుకు ఇండియానా రాష్ట్రంలో పనిచేస్తాడు. చలికాలంలో మేము అక్కడ ఉన్నప్పుడు శుక్రవారం రాత్రి ఒక హైస్కూలు మ్యాచ్‌కు తీసుకొనిపోయినాడు. గేటు దగ్గర ఒక టీచరమ్మ టికెట్లు ఇస్తా ఉంది (నేను ఆమె చేతులనే చూస్తా నిలబడితే నా భార్య ముందుకు నెట్టింది). తినుబండారాలు అమ్మేది ఆడే పిల్లల తల్లిదండ్రులే, ఆ డబ్బు జట్టు ఖర్చులకంట. జాతీయగీతం పాడినారు, అందరూ లేచి నిలబడినారు, ఆట మొదలైంది. ముసలోళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ మనవళ్ళెవరూ ఆ జట్టులో లేరు, ఊరి స్కూలు కాబట్టి వచ్చినారంతే. ఆ రాష్ట్రంలో ఇప్పటికీ చెప్పుకునే మ్యాచ్ ఒకటుంది. 1954లో మిలన్ అనే చిన్న ఊరి హైస్కూలు, మొత్తం 161 మంది పిల్లలున్న స్కూలు, రాష్ట్ర ఫైనల్లో మన్సీ సెంట్రల్ అనే పెద్ద స్కూలును 32-30తో ఓడించింది. ఆఖరి సెకన్లలో బంతి వేసినోడు బాబీ ప్లంప్. అక్కడ వయసుతో పని లేకుండా ఆ పేరు అందరికీ తెలుసు. మన చిత్తూరు మెసానికల్ గ్రౌండులోనో, తిరుపతి తారకరామ స్టేడియంలోనో అట్లాంటి బంతి వేసిన పిల్ల ఉండే ఉంటుంది. మనకు పేరు తెలీదు, ఎందుకంటే అప్పుడు అక్కడ మనం లేము. వాళ్ళ హాళ్ళు, వాళ్ళ లైట్లు మనకు కావాలని నేను అడగడం లేదు. గట్టు చాలు మాకు, దాని మీద ఒక షామియానా గుడ్డ. ఎట్లాగూ చీఫ్ గెస్టు కోసం కడతారు కదా, దాన్నే ఇంకో రెండు గుంజలు పక్కకు లాగండి.

ఇంక సాటి అమ్మానాయనలకు కూడా ఈ లేఖలోనే ఒక మాట. రానిచ్చినాక మన మర్యాద మనం కాపాడుకోవాల. గీత పక్కనే నిలబడి బిడ్డకు సలహాలు అరవొద్దు. కోచ్ ఒకటి చెప్తాడు, నాయన ఒకటి చెప్తాడు, మధ్యలో బంతి పోతుంది. గీతకు రెండు మీటర్ల దూరంలో ఏ అడ్డూ ఉండకూడదని రూల్సులోనే ఉంది. కుర్చీ కాలుకు తట్టుకొని పడేది మన బిడ్డే కావచ్చు. రెఫరీ కూడా ఏదో ఒక స్కూల్లో డ్రిల్లు అయ్యవారే, రేపు మన పిల్లకు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే చేతులు అవే. అవతలి జట్టు పిల్ల ఫ్రీ త్రో వేస్తా ఉంటే ఈలలు వేయడం పెద్దోళ్ళ లక్షణం కాదు. ఎవరన్నా గీత దాటితే, మ్యాచ్ ఆపి, పేరు పెట్టి బయటికి పంపండి సార్. ఒకర్ని పంపితే మిగతా అందరూ సర్దుకుంటారు.

మా వీధిలో కూరగాయల బండి పెట్టుకున్నాయన ఒకడున్నాడు. ఆయన కూతురూ ఇదే జట్టు. "ఆడపిల్లకు ఆటలెందుకు, పది అయినాక మాన్పిస్తా" అని నాతో అనేవాడు. ఒక సాయంత్రం మ్యాచ్‌కు, గేటు తీసిన స్కూలు కాబట్టి, బలవంతాన వెంట తీసుకొనిపోయినాను. బండి పెళ్ళానికి అప్పజెప్పి వచ్చినాడు. మ్యాచంతా మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకొని కూర్చున్నాడు, ఒక్క మాట లేదు. కూతురి జట్టు ఓడిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు లీలామహల్ సర్కిల్ దాటినాక, "మామా, ఆ పాప దూరంనుంచి వేసింది కదా, దానికి రెండు కాకుండా మూడెందుకిచ్చినారు?" అని అడిగినాడు. 6.75 మీటర్ల గీత బయటినుంచి వేస్తే మూడని నేను చెప్పినాను. పది అయినాక ఏం చేస్తాడో నాకు తెలీదు. ఆ తర్వాత మ్యాచ్ ఎప్పుడని మాత్రం అడుగుతా ఉన్నాడు, చెప్పేదానికి నా దగ్గర తారీకు లేదు.

ఆ తారీకే అడుగుతా ఉన్నాను. మ్యాచ్‌కు వారం ముందు వేళ, చోటు పిల్లల డైరీలో రాయించి పంపండి. స్కూలు గోడ మీద సుద్దతో రాసినా సరే. మా మనవరాలి స్కూల్లో రెండు రింగులకు నెట్లు నేను కొనిపెడతా, నిచ్చెన మీరు ఇప్పించండి. స్కోరు బోర్డు తిప్పేదానికి మనిషి దొరక్కపోతే కబురు పెట్టండి. బస్సు నిండా జనాన్ని ఎక్కించుకొని లెక్క తప్పకుండా నడిపినోణ్ణి, అంకెలు తారుమారు చేయను.

ఇట్లు,
అండర్-17 ఆడే పిల్ల తాత,
తిరుపతి